ఆజ్ఞ లేని చీమలు

కోబాల్‌లో రాసే ప్రతి ప్రోగ్రాముకీ నాలుగు భాగాలుంటాయి. మొదటి రెండూ లాంఛనం: ప్రోగ్రాం పేరు, ఏ యంత్రం మీద నడుస్తుంది, ఏ ఫైళ్ళు కావాలి, వగైరా. అసలు సంగతంతా మిగతా రెండింట్లో ఉంటుంది. డేటా డివిజన్‌లో ఖాతా నంబరు, పేరు, నిలవ, వడ్డీ రేటు అన్నీ వరసగా పేర్చుకోవాలి, ఏది ఎన్ని అంకెలో, పైసలకి ఎన్ని స్థానాలో చెప్పి మరీ. ప్రొసీజర్ డివిజన్‌లో వాటిని ఏం చెయ్యాలో రాసుకోవాలి. సరుకులన్నీ ఒక గదిలో, పొయ్యి ఇంకో గదిలో. వంటవాడు ఒక్కడే. ఏ డబ్బాలో ఏముందో వాడికి తెలుసు, ఏ మూతైనా వాడు తియ్యొచ్చు.

1990 నుంచి పన్నెండేళ్ళు నేనూ అలాంటి వంటవాణ్ణే. బ్యాంకుల కోసం వడ్డీ లెక్కలు, నెలాఖరు నివేదికలు, రోజు ముగింపు ప్రోగ్రాములు రాశాను. 2002లో మా పనిని జావాలోకి మార్చారు. ఈ వ్యాసం ఆ మార్పు గురించి. ప్రోగ్రామింగ్ తెలియనివాళ్ళు కూడా చదవొచ్చు. నిజానికి వాళ్ళకే తొందరగా అర్థమవుతుందని నా అనుమానం.

కోబాల్ ప్రోగ్రాముని మేం చదివే తీరే వేరు. పచ్చగీతల కంటిన్యువస్ పేపరు మీద మొత్తం లిస్టింగు ప్రింటు తీసి, బల్లమీద పరిచి, పెన్సిలు పట్టుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివేవాళ్ళం. కథ చదివినట్టే. ఇక్కడ మొదలవుతుంది, ఇక్కడ మలుపు, ఇక్కడ మళ్ళీ వెనక్కి, ఇక్కడ ముగింపు. రెండు మూడేళ్ళు ఒకే సిస్టం మీద పనిచేస్తే లిస్టింగు అవసరం కూడా ఉండదు. అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఫోనొస్తే, మంచం మీద పడుకునే, ఫలానా పేరాగ్రాఫులో సున్నాతో భాగిస్తోంది చూడు అని చెప్పగలిగేవాళ్ళం. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ప్రొసీజరల్ ప్రోగ్రామర్ ఆ శివుడు. అది మామూలు గర్వం కాదు. జీతం కంటే, హోదా కంటే ఆ తెలిసి ఉండటమే మా ఆస్తి.

జావా నేర్చుకోవడానికి, అప్పట్లో అందరిలాగే, సాయంత్రాలు అమీర్‌పేట వెళ్ళాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా కట్టిన బ్యానర్లు, మెట్లమీద కూడా జనం. పాఠం చెప్పే కుర్రాడు నాకంటే పదేళ్ళు చిన్న. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని ఎక్కాల్లా అప్పజెప్పించాడు. కుక్క ఒక జంతువు, పిల్లి ఒక జంతువు, అరవమంటే కుక్క భౌమంటుంది, పిల్లి మ్యావంటుంది. పుస్తకాల్లోనూ అవే కుక్కలూ పిల్లులూ. పన్నెండేళ్ళు రికరింగ్ డిపాజిట్లతో కుస్తీ పట్టినవాడికి ఆ కుక్కతో ఏం పని? పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ పిల్లలు చకచకా రాసుకుంటున్నారు. వాళ్ళకి వదులుకోవాల్సింది ఏమీ లేదు.

నాకు ఆ సంగతి తలకెక్కింది తెలుగు వ్యాకరణం వల్ల. నవ్వకండి.

ఖాతాలోంచి అయిదొందలు తియ్యాలనుకోండి. పాత పద్ధతిలో దాన్ని మాటల్లో పెడితే ఇలా ఉంటుంది: 'ఈ ఖాతాని తీసుకుని, దాన్లో అయిదొందలు తగ్గించు.' ఎవరు తగ్గిస్తున్నారు? ప్రోగ్రాము, అంటే నేను. ఖాతా ఎక్కడుంది? ద్వితీయా విభక్తిలో. నిన్, నున్, లన్, కూర్చి, గురించి అని బళ్ళో వల్లించాం కదా, అక్కడ. దాన్నెవరో ఏదో చేస్తారు, అది పడుంటుంది. కొత్త పద్ధతిలో అదే పని ఇలా రాస్తారు: ముందు ఖాతా పేరు, తర్వాత ఒక చుక్క, తర్వాత పని పేరు. చదివితే ఇలా వినబడుతుంది: 'ఓయ్ ఖాతా! అయిదొందలు తగ్గించుకో.' ద్వితీయలో పడున్నది లేచి సంబోధనా ప్రథమలోకి వచ్చింది. మనం దాన్ని పిలుస్తున్నాం. పని అది చేసుకుంటుంది.

ఇంకా ముఖ్యం, ఆ క్రియ చివర చేరిన 'కో'. తగ్గించు, తగ్గించుకో. వండు, వండుకో. చూడు, చూసుకో. మన భాషలో ఆ ఒక్క అక్షరం పనినీ, దాని ఫలితాన్నీ, బాధ్యతనీ చేసేవాడికే అప్పజెబుతుంది. 'పిల్లాడికి అన్నం పెట్టు' అనడానికీ, 'అన్నం పెట్టుకో' అనడానికీ ఉన్న తేడా తల్లులందరికీ తెలుసు. రెండోది అన్నరోజున పిల్లాడి చేతికి గరిటె ఇవ్వాలి. కింద మీద పోసుకుంటాడు, అయినా ఇవ్వాలి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనే నోరు తిరగని మాటకి నా మట్టుకు తెలుగు ఆ 'కో'.

పాలిమార్ఫిజం కూడా మనకి పుట్టుకతో వచ్చిందే. టెంకాయ కొట్టు, తలుపు కొట్టు, చప్పట్లు కొట్టు, టైరుకి గాలి కొట్టు, గోడకి సున్నం కొట్టు. క్రియ ఒక్కటే. ఏం చెయ్యాలన్నది ఆ పక్కనున్న నామం నిర్ణయిస్తుంది. 'కొట్టు' అని వినగానే టెంకాయైతే ఇలా, తలుపైతే అలా, లేకపోతే ఎర్రర్ మెసేజి ఇవ్వు అని మనసులో ఎవరూ పట్టిక తిప్పరు. మా కోబాల్‌లో తిప్పేవాళ్ళం. ఖాతా రకం 'ఎస్' అయితే ఈ వడ్డీ, 'ఎఫ్' అయితే ఆ వడ్డీ, 'ఆర్' అయితే ఇంకోటి. ఇలాంటి పట్టిక ఒక్కచోట ఉంటే బాధ లేదు. వడ్డీ దగ్గరొకటి, ఖాతా మూసేచోట ఒకటి, పాస్‌బుక్ ప్రింటింగులో ఒకటి. బ్యాంకువాళ్ళు కొత్తరకం డిపాజిట్ పెట్టిన ప్రతిసారీ అన్నిచోట్లా ఒక గీత చేర్చాలి. ఆ చోట్లన్నీ ఎవరికి గుర్తు? శివుడికి.

ఈ ఆలోచన ఎవరో పండితుడు సౌందర్యం కోసం కనిపెట్టింది కాదు. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష తయారుచేశారు. క్యూల్లాంటి వ్యవస్థల్ని కంప్యూటర్‌లో అనుకరించి చూడటానికి. క్యూలో ఉన్న ప్రతి మనిషికీ తన లెక్క తనకుంటుంది. ఒకడు ఎదురుచూస్తుంటాడు, ఒకడి పని జరుగుతుంటుంది, ఒకడు వెళ్ళిపోతుంటాడు. అందర్నీ ఒకే చేత్తో నడిపించబోతే ప్రోగ్రాం రాసేవాడికి పిచ్చెక్కుతుంది. ఎవడి బతుకు వాడికి రాసి వదిలెయ్యడమే మార్గం. క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం అన్నీ సిమ్యులా 67లోనే వచ్చేశాయి. ఆ ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 2002 వేసవిలో ఆరు వారాల తేడాతో ఇద్దరూ పోయారు. అమీర్‌పేటలో నేను కుక్కా పిల్లీ రాసుకుంటున్న ఏడాది అది. ఆ క్లాసులో వాళ్ళ పేరు ఎవరూ ఎత్తలేదు.

నా ఇబ్బందికి పేరు పెట్టింది మాత్రం ఒక పాత పేపరు. 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ రాశారు, నాలుగైదు పేజీలుంటుందేమో. ఈ పద్ధతి నేర్పడంలో అన్నిటికంటే కష్టం ఏమిటంటే, నేర్చుకునేవాడి చేత ప్రోగ్రాం మొత్తం తన అదుపులో ఉందన్న ఎరుకని వదిలించడం అని అందులో సారాంశం. చదివి పేపరు బల్లమీద పెట్టేశాను. పన్నెండేళ్ళుగా నేను ఏ ఆస్తి కూడబెట్టానో దాన్నే వదలమంటున్నారు. తెలియనివాడు తెలుసుకోవడం సంగతి సరే, తెలిసినవాడు ఇకమీదట తెలుసుకోకుండా ఉండటానికి ఒప్పుకోవడం ఎలా?

వాళ్ళే ఉపాయం కూడా చెప్పారు. చిన్న అట్టముక్కలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో క్లాసు పేరు, దాని బాధ్యతలు, దానికి ఎవరి సాయం కావాలో రాయాలి. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో కార్డు చేతిలో పట్టుకుని, ఆ పాత్రలో మాట్లాడాలి. 2003లో మా టీం ఒక మధ్యాహ్నం అది చేసింది. ఫిక్సెడ్ డిపాజిట్‌ని గడువుకి ముందే మూసేసే సందర్భం. ఎంతకాలం ఉంచాడో ఆ కాలానికి వర్తించే రేటు, అందులోంచి జరిమానాగా ఒక శాతం కోత, సీనియర్ సిటిజన్ అయితే అదనంగా అర శాతం. నా చేతిలో 'రోజు ముగింపు' కార్డు. ఎఫ్‌డీ కార్డు రెండేళ్ళ అనుభవమున్న ఒకమ్మాయి చేతిలో.

"నీ అసలెంత, రేటెంత, మొదలైన తారీఖు ఎప్పుడు? ఇలా ఇవ్వు, నేను లెక్కేస్తా" అన్నాను.

ఆ అమ్మాయి కార్డు వీపు వెనక దాచేసుకుంది. "ఇవ్వను సార్. నేను ఎఫ్‌డీని. వడ్డీ ఎంతో అడగండి, చెప్తాను. నా రేటు మీకెందుకు?"

"నువ్వు తప్పు లెక్కేస్తే?"

"నన్ను బాగుచెయ్యండి సార్. మిగతావాళ్ళ జోలికెళ్ళకండి."

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా డేటా నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు చేసింది ఏమిటంటే, అడగకుండా ఉండటం సాధన చెయ్యడం. ఒక ఆబ్జెక్టు లోపలికి చెయ్యిపెట్టి ఏదైనా బయటికి తీయబోయిన ప్రతిసారీ ఆగి, 'ఈ పని దానికే చెబితే?' అని చూసుకోవడం. చేతివాటం మార్చుకున్నట్టే ఉంటుంది. ఎడమచేత్తో సంతకం పెట్టి చూడండి, తెలుస్తుంది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది చదవడం. మెథడ్ తెరిస్తే మూడు లైన్లు. ఆ మూడూ ఇంకెవరికో పని పురమాయిస్తాయి. అక్కడికెళ్తే ఇంకో మూడు లైన్లు. అసలు పని ఎక్కడ జరుగుతోంది? ప్రింటు తీసి మొదటి పేజీ నుంచి చదువుదామంటే మొదటి పేజీ అనేది లేదు. కొన్నాళ్ళకి ఇంకోరకం చదువు అలవాటైంది: ఒక క్లాసుని దాని మాట మీద నమ్మి, లోపలికి దిగకుండా పక్కకి వెళ్ళిపోవడం. పెన్సిలు సొరుగులో పడింది.

ఈ మెట్టు దాటకుండానే జావా రాసేవాళ్ళు బోలెడుమంది. అనుభవజ్ఞుల కోడ్‌లో అది ఇట్టే కనపడుతుంది. ఖాతా క్లాసులో అన్నీ చదవడానికీ, మార్చడానికీ వీలిచ్చే గెట్టర్లూ సెట్టర్లూ తప్ప ఏమీ ఉండదు. పనంతా 'మేనేజర్' అని పేరున్న మూడువేల లైన్ల క్లాసులో ఉంటుంది. డేటా డివిజన్, ప్రొసీజర్ డివిజన్, వేషం మార్చుకుని. మార్టిన్ ఫౌలర్ 2003లో దీనికి రక్తహీనత అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. చురకలా ఉంటుంది గానీ, పదేళ్ళ విద్యని ఒక్కసారిగా పారేసుకోలేని మనిషి కాపురం కాపాడుకోవడానికి చేసే ప్రయత్నంగానే నాకది కనిపిస్తుంది. మా బ్యాచ్‌లో చాలామంది ఆ రెండు మూడేళ్ళలో కోడ్ రాయడమే మానేసి మేనేజర్లయ్యారు, ఈసారి నిజం మేనేజర్లు. మనుషుల్ని నమ్మి పని అప్పజెప్పడం వాళ్ళకి బాగానే వచ్చింది, క్లాసుల్ని నమ్మడమే రాలేదు.

అలాగని పాత విద్య వృథా ఏం కాదు. సీ భాషలో ఫైలు తెరిస్తే చేతికి ఒక గుర్తు వస్తుంది. దాని లోపల ఏముందో ఏ ప్రోగ్రామరూ చూడడు, చూడాల్సిన అవసరమూ లేదు. ఆ గుర్తునే పట్టుకుని చదవమంటాం, రాయమంటాం, మూసెయ్యమంటాం. అది ఆబ్జెక్టు కాక మరేమిటి? డేవిడ్ పార్నాస్ 1972లోనే చెప్పాడు: ప్రోగ్రాముని పనుల వరస ప్రకారం ముక్కలు చెయ్యకండి, రేపు మారే అవకాశమున్న నిర్ణయం ఏదో చూసి, దాన్ని ఒక్కో ముక్కలో దాచండి అని. అందులో జావా లేదు, కుక్క లేదు, పిల్లి లేదు. నాలాంటివాళ్ళకి పాఠం అక్కణ్ణుంచి మొదలుపెడితే సగం కష్టం తగ్గేది. వారసత్వాన్ని నెత్తిన పెట్టుకోవడం కూడా అనవసరం. 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం రాసిన నలుగురూ వారసత్వం కంటే కూర్పు మేలని ముందే చెప్పారు. అమీర్‌పేట బ్యానర్ల దాకా ఆ మాట రాలేదు. ఇక అప్పటి ఎంటర్‌ప్రైజ్ జావా సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క ఖాతాని డేటాబేసులోంచి తేవడానికి రెండు ఇంటర్‌ఫేసులు, ఒక క్లాసు, పైగా పేజీల కొద్దీ ఎక్స్ఎంఎల్. దాపరికం మితిమీరితే ఎవరికీ ఏమీ తెలియని ఇల్లు తయారవుతుంది.

ఈ మాట నాతో మొదట అన్నవాడు నాతోబాటు ఒకేరోజు ఉద్యోగంలో చేరిన స్నేహితుడు. వాడు కోబాల్ వదల్లేదు. "నా ప్రోగ్రాంలో ప్రతి లైనూ ఎందుకుందో నాకు తెలుసు. నీ దాంట్లో నీకు తెలుసురా?" అని అడిగేవాడు. వెటకారంగా కాదు, నిజంగానే. బ్యాంకు డబ్బు నడిపే ప్రోగ్రాం రాసేవాడు 'ఆ భాగం నాకు తెలీదు, దానికి తెలుసు' అనడం వాడికి బాధ్యత లేనితనంగా కనిపించేది. ఆ ప్రశ్నకి వాడికి కావలసిన రకం జవాబు నా దగ్గర లేదు. తెలియకపోయినా ఫరవాలేదు అంటే వాడు వినడు, వినకపోవడంలో న్యాయం ఉంది. కోబాల్ చచ్చిపోతుందని వాణ్ణి భయపెట్టినవాళ్ళంతా పొరబడ్డారు కూడా. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని బహిరంగంగా అడిగాడు. ఆ వార్త వాడే నాకు పంపాడు, కింద ఒక్క మాట కూడా రాయకుండా.

మా ఇద్దరి పద్ధతులకీ ఒకేసారి పరీక్ష పెట్టింది రిజర్వ్ బ్యాంకు. అంతకుముందు సేవింగ్స్ ఖాతాకి వడ్డీ ఎలా ఇచ్చేవారో ఇప్పటి కుర్రకారుకి తెలియకపోవచ్చు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న నిలవల్లో అతి తక్కువ ఏదో, ఆ నెలంతటికీ దానిమీదే వడ్డీ. లక్ష రూపాయలు 25వ తేదీ దాకా ఉంచి, 26న తొంభై అయిదు వేలు తీసేస్తే, ఆ నెల మీ వడ్డీ అయిదు వేల మీద. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏరోజు నిలవకి ఆరోజు లెక్క కట్టాలన్నారు. రేటు అదే, 3.5 శాతం. లెక్క మాత్రం పూర్తిగా వేరు.

వాడి సిస్టంలో సేవింగ్స్ వడ్డీ మూడు ప్రోగ్రాముల్లో ఉంది. ఆ మూడూ వాడికి కంఠతా. లిస్టింగు కూడా చూడకుండా మొదలుపెట్టాడు. మాకు మార్చాల్సింది ఒక్క సేవింగ్స్ క్లాసు. లోపల దాచుకున్న కనిష్ఠ నిలవ తీసేసి, దాని చోట రోజువారీ నిలవల మొత్తం పెట్టాం. బయటివాళ్ళు ఎప్పటిలాగే 'వడ్డీ ఎంత?' అని అడుగుతున్నారు, అది ఎప్పటిలాగే చెబుతోంది. ఎలా లెక్కేస్తోందో వాళ్ళకి తెలియదు, మారిందని కూడా తెలియదు. ఒక్క నివేదిక మాత్రం తిరగబడింది. ఏనాడో ఎవరో కనిష్ఠ నిలవ బయటికి చూపించే గెట్టర్ ఒకటి పెట్టారు, దాన్ని ఆ నివేదిక పట్టుకుని వేలాడుతోంది. వీపు వెనక దాచుకున్న కార్డుని ఎవరో వెనకనుంచి చదివేశారన్నమాట.

ఆ వారం చివర్లో వాడు మా ఫ్లోరుకి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులో పెన్సిలుంది.

"వడ్డీ లెక్క చూపించు."

చూపించాను. ఇరవై లైన్లు. నెమ్మదిగా రెండుసార్లు చదివాడు. తప్పేమీ దొరకలేదు.

"దీన్నెవరు పిలుస్తారు?"

"ఎవరైనా పిలవొచ్చురా. దానికి అనవసరం."

"దానికి అనవసరం సరే. నీకు?"

ఎడిటర్‌లో వెతికే కమాండ్ నొక్కాను. పద్నాలుగు చోట్ల పిలుస్తున్నట్టు తేలింది. అందులో నేను రాసినవి నాలుగో అయిదో. వాడు కాగితం మీద 14 అని వేసుకుని, కింద గీత గీసి, "ఒకటోది తియ్యి" అన్నాడు. క్యాంటీన్‌కి ఫోన్ చేసి రెండు టీలు పంపమన్నాను.